చైతన్యం: కొలతకు అందేది, అందనిది

క్లుప్తంగా: మనిషికి స్పృహ ఉందా, ఎంత ఉందన్నది పరీక్షించడంలో వైద్యం గత 20 ఏళ్లలో బాగా ముందుకు పోయింది. మెదడులో ఏ పని జరిగినప్పుడు ఏ అనుభవం కలుగుతుందో కొంతవరకు తెలిసింది. ఆ పనితో పాటు అనుభవం అనేదొకటి అసలు ఎందుకు ఉండాలన్నది మాత్రం తేలలేదు. ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలిపేయడం వల్లనే ఆసుపత్రి వరండాల్లోనూ, ప్రవచనాల్లోనూ, యూట్యూబ్ చర్చల్లోనూ గందరగోళం పుడుతోంది.

ఐసీయూ బయట అడిగే ప్రశ్న

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబర్ జాతీయ రహదారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ మీదుగా సాగుతుంది. బెంగళూరు వైపు పోయే 44వ నంబర్ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటలను దాటుతుంది. ఈ రోడ్ల మీద తలకు దెబ్బ తగిలినవాళ్ల కుటుంబాలు ఐసీయూ బయట మొదట అడిగేది ఖర్చు గురించి కాదు. “మేం మాట్లాడేది వానికి వినవడుతుందా సార్?” అని అడుగుతారు. చైతన్యం గురించి ఇంతకన్నా సూటి ప్రశ్న ఏ తత్త్వవేత్తా వేయలేదు.

దానికి వచ్చే జవాబుల్లో వాడే మాటలే చాలామందిని అయోమయంలో పడేస్తాయి. కోమాలో మనిషి కళ్లు తెరవడు, లేపినా లేవడు. ఇది సాధారణంగా కొన్ని వారాలకు మించి సాగదు. ఆలోగా మనిషి తేరుకోవడమో, చనిపోవడమో, మరో స్థితిలోకి మారడమో జరుగుతుంది. వెజిటేటివ్ స్టేట్ అనేది అలాంటి మరో స్థితి. కళ్లు తెరుస్తాడు, నిద్రా మెలకువల చక్రం నడుస్తుంది, ఆవులిస్తాడు, ఒక్కోసారి మూలుగుతాడు కూడా. కానీ చుట్టూ ఏం జరుగుతుందో తెలుస్తున్న జాడ కనిపించదు. అప్పుడప్పుడు మాత్రం చెప్పిన మాటకు స్పందిస్తే దాన్ని అత్యల్ప స్పృహ స్థితి అంటారు. ఇంకొకటి, అరుదైనది, లాక్డ్-ఇన్ స్థితి. లోపల మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, కదిలేవి మాత్రం కళ్లే.

బ్రెయిన్ డెత్ వీటిలో దేనికీ చెందదు. మెదడు కాండంతో సహా మెదడు పని శాశ్వతంగా ఆగిపోయిన స్థితి అది. వెంటిలేటర్ ఉన్నంతసేపు ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, మానిటర్ మీద గుండె గీత నడుస్తుంది. అందుకే నమ్మడం కష్టం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. తెలంగాణలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవ దాన పథకం కింద మరణానంతర అవయవ దానాలు జరిగేది ఈ ధ్రువీకరణ మీదే. “బ్రెయిన్ డెడ్ అన్నారు, వారానికి లేచి కూర్చున్నాడు” అంటూ వాట్సాప్‌లో తిరిగే కథల్లో కోమాకూ బ్రెయిన్ డెత్‌కూ తేడా పాటించరు. ఈ ఒక్క పొరపాటు రెండు వైపులా నష్టం చేస్తుంది. కొందరు లేని ఆశతో అప్పుల పాలవుతారు, కొందరు ఉన్న ఆశను వదిలేసుకుంటారు.

కళ్లు తెరిచినంత మాత్రాన

స్పృహను కొలిచే అందరికీ తెలిసిన పద్ధతి గ్లాస్గో కోమా స్కేల్. 1974లో గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ దీన్ని రూపొందించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తుంది. డాక్టర్ పేరు పెట్టి పిలుస్తాడు, పలక్కపోతే గోరు మొదట్లో పెన్నుతో నొక్కుతాడు, చెయ్యి వెనక్కి గుంజుకుంటాడా చూస్తాడు. కేస్ షీట్‌లో “ఇ4 విటి ఎం4” అని రాసి ఉంటే అర్థం ఇది: కళ్లు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట చూడలేం, నొప్పికి చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు.

ఈ లెక్కంతా శరీరం చేసే పని మీద ఆధారపడింది. కదలలేని మనిషికి లోపల ఎరుక ఉంటే ఇది పట్టుకోలేదు. 2006లో నాడీశాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం ప్రచురించిన ఒక కేసు ఈ లోపాన్ని బయటపెట్టింది. రోడ్డు ప్రమాదంలో గాయపడి, నెలల తరబడి వెజిటేటివ్ స్టేట్‌లో ఉన్న 23 ఏళ్ల యువతిని మెదడు పనిని చూపే స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఒక్కో గదీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నారు. మొదటి మాటకు కదలికలను సిద్ధం చేసే ప్రాంతం, రెండో మాటకు దారులూ చోట్లూ గుర్తుపెట్టే ప్రాంతాలు పని చేశాయి, అచ్చం ఆరోగ్యవంతుల్లో లాగే. ఆమె మాట విని, అర్థం చేసుకుని, చెప్పినట్టు చేసింది. వేలు మాత్రం కదపలేకపోయింది.

ఒక్క కేసుతో ఏం చెప్పగలం అన్న అనుమానం సహజమే. 2024లో పలు దేశాల వైద్య కేంద్రాలు కలిసి చేసిన అధ్యయనం ప్రకారం, పిలుపుకు బయటికి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది మెదళ్లు స్కాన్‌లోనో, మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీలోనో ఆజ్ఞలకు స్పందించాయి. అంటే నలుగురిలో ఒకరు. పరీక్షలో స్పందించనివాళ్లందరికీ ఎరుక లేదని కూడా చెప్పలేం. ఆ పని చేయడానికి వినికిడి, భాష, ఓపిక అన్నీ కావాలి.

అందుకే ఇటలీ పరిశోధకుడు మాస్సిమిని బృందం అసలు ఆజ్ఞలే అక్కర్లేని పద్ధతి తెచ్చింది. తలపై నుంచి అయస్కాంత తరంగంతో మెదడును ఒకసారి తట్టి, దాని స్పందనను ఈఈజీలో చూస్తారు. మెలకువలో ఆ స్పందన దూరదూరాలకు, సంక్లిష్టంగా పాకుతుంది. గాఢనిద్రలో తట్టిన చోటే లేచి అక్కడే చల్లారుతుంది. కలలు వచ్చే నిద్రలో మళ్లీ మెలకువకు దగ్గరగా ఉంటుంది.

మత్తు నేర్పిన పాఠం

స్పృహను ఇష్టప్రకారం ఆపి, మళ్లీ తెప్పించగల సాధనం మత్తుమందు. ఈ చరిత్రలో తెలంగాణకు అరుదైన చోటు ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే చనిపోవడం 19వ శతాబ్దంలో పెద్ద వివాదం. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని వాదించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇవ్వగా 1888లో ఒకటి, 1889లో మరొకటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక ప్రతినిధి వచ్చాడు. జంతువుల మీద ప్రయోగాలు చేసి కమిషన్ లారీ మాటే నిజమంది. తర్వాత 1911లో లెవీ అనే పరిశోధకుడు, మోతాదు తక్కువగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను నేరుగా చెడగొట్టగలదని చూపాడు. కమిషన్ తీర్పు నిలవలేదు. కానీ మత్తును వాదనతో కాక ప్రయోగంతో తేల్చాలన్న పట్టుదల నిలిచింది.

ఇవాళ ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ ఇచ్చే ప్రొపొఫాల్, నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా వ్యవస్థను బలపరుస్తుంది. మెదడు ప్రాంతాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం తగ్గుతుంది, స్పృహ పోతుంది. కెటమిన్ దారి వేరు. బయటికి మనిషి స్పందించకపోయినా లోపల కలల్లాంటి అనుభవాలు నడుస్తుంటాయి. మాస్సిమిని పద్ధతిలో చూసినా ప్రొపొఫాల్ మెదడు స్పందన సరళంగా, కెటమిన్ మెదడు స్పందన సంక్లిష్టంగా కనిపించింది. కదలకపోవడం, స్పృహ లేకపోవడం ఒకటి కావని ఇది మరోసారి చెప్పింది. కండరాలు సడలించే మందు చేతికి చేరకుండా బిగించి కట్టి చేసిన పరీక్షల్లో, మత్తులో ఉన్న కొందరు “చెయ్యి పిసుకు” అంటే పిసికారు. లేచాక ఏమీ గుర్తు లేదన్నారు. అంటే గుర్తు లేకపోవడం కూడా అనుభవం లేకపోవడానికి రుజువు కాదు.

దక్షిణ తెలంగాణకు బాధాకరంగా పరిచయమైన ఉదాహరణ కల్తీ కల్లు. అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మందులు కలిపిన కల్లు రోజూ తాగినవాడి మెదడు ఆ మందు ఉన్న స్థితికే అలవాటు పడుతుంది. సరఫరా ఉన్నట్టుండి ఆగితే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, తనలో తాను మాట్లాడుకోవడం మొదలవుతాయి. దాన్ని ఊళ్లో గాలి సోకిందనో పిచ్చి పట్టిందనో అనుకుని ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. చైతన్యం మెదడు రసాయనాల మీద ఎంతగా ఆధారపడిందో చెప్పడానికి ఇంతకన్నా క్రూరమైన రుజువు అక్కర్లేదు.

రెండు సిద్ధాంతాల పోటీ

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దాదాపు 6,900 కోట్లు వెనుక భాగంలోని చిన్న మెదడులోనే ఉన్నాయి. అది దెబ్బతింటే నడక తూలుతుంది, మాట తడబడుతుంది, స్పృహ మాత్రం పోదు. 1,600 కోట్ల కణాలున్న పెద్ద మెదడు పై పొర దెబ్బతింటే అనుభవమే మారిపోతుంది. కాబట్టి విషయం సంఖ్యలో లేదు, అల్లికలో ఉంది. ఏ అల్లిక అన్న దగ్గరే పోటీ.

బెర్నార్డ్ బార్స్ 1988లో ప్రతిపాదించి, తర్వాత ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహాన్ మెదడుకు అన్వయించిన గ్లోబల్ వర్క్‌స్పేస్ సిద్ధాంతం ప్రకారం, మెదడులో చాలా పని మనకు తెలియకుండానే జరుగుతుంది. ఏదైనా ఒక సమాచారం బలపడి, నుదుటి వైపు ప్రాంతాలతో కలిసి మెదడంతటికీ ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చినప్పుడు అది మన ఎరుకలోకి వస్తుంది. జూలియో టొనోని 2004లో ముందుకు తెచ్చిన సమగ్ర సమాచార సిద్ధాంతం దీనికి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. అనుభవం ఎప్పుడూ విడదీయలేని ఒకే ముద్దగా ఉంటుంది కాబట్టి, భాగాలుగా విడదీస్తే నష్టపోయేంతగా ముడిపడిన వ్యవస్థలోనే చైతన్యం ఉంటుందంటుంది. దాని లెక్కలో ముఖ్యమైన చోటు మెదడు వెనుక భాగం.

ఈ రెండు శిబిరాలూ ముందే తమ అంచనాలు రాసిచ్చి, తటస్థ ప్రయోగశాలల్లో 256 మంది మీద పరీక్షకు ఒప్పుకున్నాయి. ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. వెనుక భాగంలో ఉండాల్సిన నిరంతర సమన్వయం టొనోని సిద్ధాంతం చెప్పినంతగా కనిపించలేదు. తెర మీద చూపిన బొమ్మ మాయమైన క్షణంలో రావాల్సిన స్పందన వర్క్‌స్పేస్ సిద్ధాంతం చెప్పినట్టు కనిపించలేదు. రెండూ దెబ్బతిన్నాయి, ఏదీ కూలిపోలేదు. అంతకుముందే 2023లో 124 మంది పండితులు టొనోని సిద్ధాంతాన్ని నకిలీ శాస్త్రమంటూ బహిరంగ లేఖ రాశారు. ఆ మాట అతి. అంచనా ముందే చెప్పి పరీక్షకు నిలబడిన సిద్ధాంతాన్ని తప్పనవచ్చు గానీ నకిలీ అనడం న్యాయం కాదు.

అదే 2023లో ఒక పందెం కూడా ముగిసింది. చైతన్యానికి మెదడులో ఆనవాలు 25 ఏళ్లలో దొరుకుతుందని 1998లో నాడీశాస్త్రవేత్త క్రిస్టఫ్ కాక్, దొరకదని తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ పందెం కట్టారు. న్యూయార్క్‌లో కాక్ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చాడు.

లొట్టిలో పుట్టే మత్తు

మెదడు పనంతా తెలిసిపోయిందనుకున్నా, ఆ పని జరుగుతుంటే లోపల ఏదో అనిపించడం ఎందుకు? చామర్స్ 1990లలో దీన్నే కఠిన సమస్య అన్నాడు. ఈ ప్రశ్న మన వాదపరంపరలో చాలా పాతది.

ఆత్మను ఒప్పుకోని భౌతికవాదులు చార్వాకులు చైతన్యం దేహం నుంచే పుడుతుందన్నారు. వాళ్ల ఉపమానం మత్తుది: దినుసుల్లో విడివిడిగా లేని మత్తు, కలిసి పులిస్తే పుడుతుంది. నల్లగొండ తాటివనాల్లో ఇది రోజూ కళ్లముందు జరిగేదే. సున్నం పూసిన లొట్టి (కల్లు కుండ)లో తెల్లారగట్ల దిగిన నీరాలో మత్తు ఉండదు. సున్నం లేకుండా వదిలేస్తే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చి మధ్యాహ్నానికి కల్లు చేస్తుంది. బయటి నుంచి ఏ ఆత్మా వచ్చి లొట్టిలో దూరదు.

వాదం బలమైనదే, కానీ ఒక చోట ఆగిపోతుంది. నీరా కల్లుగా మారడంలో ప్రతి మెట్టూ బయటి నుంచి చూడొచ్చు, ఆల్కహాల్ శాతం ఎవరైనా కొలవొచ్చు. చైతన్యం అలా బయటికి కనిపించే మరో పదార్థం కాదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఇక్కడే పట్టుకున్నారు. మృతదేహంలో రూపం లాంటి దేహ ధర్మాలు ఉంటాయి, చైతన్యం ఉండదు కాబట్టి అది దేహ ధర్మం కాదన్నారు. దీనికి ఇవాళ్టి వైద్యం దగ్గర జవాబు ఉంది: పోయింది పదార్థం కాదు, మెదడు పని. గుండె, కాలేయం పనిచేస్తున్నా మెదడు ఆగిన మనిషిని ఐసీయూలో చూడొచ్చు. కానీ శంకరుల రెండో అభ్యంతరం ఇంకా నిలిచే ఉంది. మట్టి, నీరు లాంటి భూతాలన్నీ తెలియబడేవి, తెలుసుకునేది వాటి గుణం ఎలా అవుతుంది?

పాశ్చాత్య తత్త్వంలో డెకార్ట్ 1641లో మనసునూ శరీరాన్నీ రెండు వేరు పదార్థాలన్నాడు. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఉత్తరం రాసి అడిగింది: ఆకారం లేని మనసు ఆకారమున్న చేతిని ఎలా కదుపుతుంది? సరైన జవాబు రాలేదు. మన సాంఖ్య దర్శనం కూడా పురుషుడు (ఎరుక), ప్రకృతి (జడం) అని రెండు చెప్పింది కాబట్టి రెండూ ఒకటేనని చాలామంది రాస్తుంటారు. అది తొందరపాటు. సాంఖ్యంలో బుద్ధి, మనసు, అహంకారం కూడా ప్రకృతిలోనివే. జ్ఞాపకం, నిర్ణయం, ఆలోచన అన్నీ జడం వైపే. నాడీశాస్త్రం ఇవాళ విప్పుతున్నదంతా సాంఖ్యుడికి అభ్యంతరం లేని భాగం. అతను గీసిన విభజన రేఖ చామర్స్ రేఖకు దగ్గర, డెకార్ట్ రేఖకు కాదు.

గాఢనిద్ర మీద వాదం

“హాయిగా పడుకున్న, ఏం తెల్వలే.” పొద్దున్నే ఎవరైనా అనే ఈ మాట మీద అద్వైతులకూ, న్యాయ దర్శనం వాళ్లైన నైయాయికులకూ శతాబ్దాల వాదం నడిచింది. హాయిగా ఉందని గుర్తుంది కాబట్టి ఆ నిద్రలో కూడా సాక్షిగా చైతన్యం ఉందని అద్వైతి అంటాడు. గుర్తు కాదు, లేచాక ఒళ్లు తేలికగా ఉండటం చూసి చేసిన ఊహ అని నైయాయికుడు అంటాడు. న్యాయ దర్శనంలో చైతన్యం ఆత్మకు మనసుతో సంబంధం కలిగినప్పుడే పుట్టే గుణం. గాఢనిద్రలో అది ఉండదు.

ఈ వాదాన్ని ల్యాబ్ తేల్చిందా? కొంత. గాఢనిద్రలో మెదడు స్పందన స్థానికంగా ఆగిపోవడం నైయాయికుడికి అనుకూలం. గాఢనిద్ర నుంచి లేపితే, ఏదో ఉంది గానీ ఏమిటో చెప్పలేను అనేవాళ్లూ ఉన్నారు. మత్తులో చెయ్యి పిసికి, లేచాక మరిచిపోయినవాళ్ల సంగతి ముందే చూశాం. అది రెండు వైపులవాళ్లకూ హెచ్చరిక. మరుపు నుంచి లేమిని ఊహించకూడదు, లేచాక చెప్పిన మాట నుంచి సాక్షినీ తేల్చకూడదు.

బౌద్ధులు ఇద్దరితోనూ విభేదించారు. కన్ను, రూపం కలిస్తే చూపు విజ్ఞానం (చూస్తున్నామన్న ఎరుక) పుడుతుంది, కారణాలు విడిపోతే పోతుంది. వాటి వెనుక స్థిరమైన ‘నేను’ లేదు. నాగార్జునుడు ఇంకో అడుగు వేసి, దేనికీ స్వంతంగా నిలిచే స్వభావం లేదన్నాడు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకు ఆయన పేరు సంప్రదాయం కట్టబెట్టింది. అక్కడి బౌద్ధ క్షేత్రం సాగర్ నీటిలో మునిగింది, వాదం మునగలేదు. ఊరి బోనాల్లో శివసత్తుకు పూనకం వచ్చినప్పుడు మెలకువ పూర్తిగా ఉంటుంది, అడుగు తప్పదు, కానీ “నేను చేస్తున్నాను” అన్న భావన పక్కకు తప్పుకుంటుంది. సంప్రదాయంలో అంగీకరించిన, బాధ పెట్టని పూనకాన్ని మానసిక వైద్యం జబ్బుగా లెక్కించదు. మెలకువ వేరు, ‘నేను’ వేరు అని మాత్రం అది చూపుతుంది.

ఇక ఉపనిషత్తుల్లో క్వాంటం ఫిజిక్స్ ఉందన్న ప్రచారం సంగతి. క్వాంటం శాస్త్రవేత్త ష్రోడింగర్‌కు వేదాంతం మీద గౌరవం ఉన్న మాట నిజం. ఆయన సమీకరణం మాత్రం అక్కడి నుంచి రాలేదు. చైతన్యానికి క్వాంటం మూలం ఉందన్న భౌతిక శాస్త్రవేత్త పెన్‌రోజ్‌కు 2020లో నోబెల్ వచ్చింది కృష్ణబిలాల పరిశోధనకు. ఆ పేరు చెప్పి క్వాంటం వైద్యం అమ్మేవాళ్లకు డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఇక ముందు ప్రభావం ఎక్కడ

యంత్రాల విషయంలో సిద్ధాంతాన్ని బట్టి జవాబు మారుతుంది. వర్క్‌స్పేస్ సిద్ధాంతం ప్రకారం సరైన నిర్మాణం ఉంటే యంత్రానికీ ఎరుక సాధ్యమే. టొనోని ప్రకారం ఇప్పటి డిజిటల్ కంప్యూటర్ ఎంత చక్కగా మాట్లాడినా అందులో ఎరుక ఉండదు. చాట్‌బాట్ “నాకు బాధగా ఉంది” అనడం ఏ వైపుకూ రుజువు కాదు, మనుషులు రాసిన అలాంటి మాటల మీదే అది తయారైంది.

చట్టంలో ప్రభావం దగ్గరిది. 1973లో దాడికి గురై 2015 వరకు వెజిటేటివ్ స్టేట్‌లో ఉన్న ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో, తర్వాత 2018లో మరో కేసులో సుప్రీంకోర్టు, తేరుకునే అవకాశం లేనివారికి ప్రాణాధార చికిత్స ఆపడాన్ని షరతులతో అనుమతించింది. ఆ నిర్ణయం మొత్తం స్పృహ నిర్ధారణ మీద నిలబడుతుంది. నిర్ధారణ తప్పితే తీర్పు తప్పుతుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, మామూలు పరిశీలనతో వెజిటేటివ్ అని రాసినవారిలో 41 శాతం మందికి పద్ధతిగా పరీక్షిస్తే అత్యల్ప స్పృహ ఉన్నట్టు తేలింది.

దీన్ని సరిదిద్దడానికి కోట్ల ఖరీదు చేసే స్కానర్ అక్కర్లేదు. కోమా రికవరీ స్కేల్ అనే మంచం పక్క పరీక్ష కాగితం మీద జరుగుతుంది, సుమారు అరగంట పడుతుంది. రోగి ముఖం ముందు అద్దం పట్టి మెల్లగా పక్కకు జరుపుతారు, కళ్లు తన ముఖం వెంట వెళ్తున్నాయా చూస్తారు. వేలు చూపిస్తేనో పెన్ను చూపిస్తేనో కదలని కళ్లు ఒక్కోసారి అద్దానికి కదులుతాయి. స్పృహ గంటగంటకూ హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకూడదు, రెండు వారాల్లో కనీసం 5 సార్లు చూడాలన్నది పరిశోధకుల సూచన. జిల్లా కేంద్రాల ఆసుపత్రుల్లో నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు ఈ శిక్షణ ఇవ్వొచ్చు. ఐసీయూ బయట ఉన్న కుటుంబం కూడా అడగొచ్చు: ఏ పరీక్ష చేశారు, ఎన్నిసార్లు చేశారు, నిద్రమత్తు మందులు ఆపాక చేశారా అని.